ఏ ఊరి పండుగ

నా పెండ్లాం నాగరాణి మా ఊరి ఆశా వర్కరు. నా పేరు భిక్షం, ఆటో నడుపుత. మా ఊరు దేవరకొండకు పన్నెండు కిలోమీటర్లు. బస్సు పొద్దుగాల ఒకటి, పొద్దుమీకి ఒకటి వస్తది, అది కూడ దానికి మనసైతేనే. అందుకే మా ఊర్ల కడుపుతోని ఉన్న ఆడోళ్ళు సగం మంది నా ఆటోలనే దవాఖానకు పోయిండ్రు. ఇద్దరు పిల్లలైతే తొవ్వల ఆటోలనే పుట్టిండ్రు. గనుక ఈ ముచ్చట నాకు తెలిసినంత ఇంకెవ్వనికి తెల్వదు. తెలిసి ఏం లాభం, సమజ్ కావాలె గద! రెండేండ్లాయె, ఇప్పటికి ఆలోచన జేస్తే దిమాక్ కరాబైతది.

నాగరాణిది పానగల్. పదో తరగతి పాసైన పిల్ల. నేను ఏడుల్నే బడికి దండం పెట్టినోన్ని. లగ్గమైన కొత్తల ఆమె చేతిరాత చూసి మా నాయిన మురిసిపోయి, "మా కోడలు రాస్తే అచ్చు గుద్దినట్టుంటది" అని చాయ హోటల్ కాడ కనపడ్డోనికల్ల చెప్పుకునేటోడు. ఊరికి ఆశాను పెడ్తరంటే పెద్దమనుషులు సక్కగ మా ఇంటికే వచ్చిండ్రు. అప్పటి సంది అదే పని.

నోరు మాత్రం జర ఎక్కువే. టీకా ఏపియ్యని తల్లిని వాడకట్టుల నిలబెట్టి కడుగుతది. మొగడు అడ్డమొస్తే వాన్ని కూడ కడుగుతది. ఇంటికొచ్చినంక నన్ను కడుగుతది, నేనేం జెయ్యకున్న. అయితే ఒకటి. ఎవ్వరికి ఎన్నో నెల, ఎవ్వరి కాన్పు ఎప్పుడు, అడుగుడే ఆలస్యం, టక్కున చెప్తది. "నా తేదీ తప్పు పోదు" అని ఆమెకు మస్తు గర్వం. ఆ గర్వం ఊరికే రాలె, ఏండ్లకేండ్లు నిజంగనే తప్పు పోలె.

ముందుగాల ఆమె దగ్గర ఒక పొడుగు రిజిస్టర్ ఉండేది, నీలి అట్ట వేసింది. మా దిక్కు ఆడోళ్ళు తేదీలు చెప్పరు. నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా అంటే, "పీర్లు లేసిన తెల్లారి" అంటరు. "బతుకమ్మ ఆడినంక నాలుగొద్దులకు" అంటరు. "మా ఆయిన గొర్లు తోలుకపోయిన వారం" అంటరు. నాగరాణి వాళ్ళ నోట్లకెళ్ళి మాట ఎట్ల వస్తే అట్లనే రాసుకునేది. పక్కన సన్న అక్షరాలతోని తేదీ లెక్కగట్టి పెట్టేది. నేను ఒకసారి తెరిచి చూసిన. "మామ సచ్చిన పదకొండోనాడు" అని ఉన్నది. ఇదేం రాతనే అంటే, "ఆడోళ్ళ లెక్క నీకెందుకయ్య" అని గుంజుకున్నది.

కరోనా తగ్గినంక ఆశాలకు ఫోన్లిచ్చిండ్రు. పొద్దంత దేవరకొండల కూసోబెట్టి నేర్పిచ్చిండ్రంట. ఇంటికొచ్చి ఫోన్ నా ముఖం ముంగట పెట్టి, "ఏమయ్యో, ఇగ రిజిస్టర్ మోసుడు లేదు, అంత దీండ్లనే" అన్నది. చెప్పినంత అల్కగ లేదు. మొదటివారం బాలింతల ఫోటోలు తియ్యమంటే సగం ఫోటోలల్ల ఆమె బొటనవేలే పడ్డది. మా వాడకట్టుల సిగ్నల్ దొరుకక నా ఆటో టాప్ మీదికెక్కి ఫోన్ పైకి పట్టుకొని నిలబడేది. నేను కిందినుంచి, "గాలిపటం ఎగిరిందానే?" అంటే, చెప్పు తీస్తానని బెదిరిచ్చింది.

మంచి కూడ జరిగింది, అబద్ధమెందుకు ఆడాలె. ఏ పిల్లకు ఏ సూది తప్పిందో అదే గుర్తు చేసేది. కడుపుతోని ఉన్నామె పేరు పక్కన రంగు పడేది. పచ్చగుంటే అంత మంచిగున్నట్టు, పసుపుంటే జర ఫికర్, ఎర్రగైతే దవాఖానకు ఉరుకాలె. ఇంటోళ్ళ నంబర్ ఎక్కిస్తే వాళ్ళకు అదే ఫోన్ చేసి, ఇది ఎన్నో వారం, ఏం తినాలె అని ఒక ఆడామె గొంతు చెప్పేది. కాని నెలసరి కాడ మాత్రం తేదీ ఒక్కటే తీసుకునేది. మాట రాయడానికి జాగ లేదు. నాగరాణి ఒకటి రెండు నెలలు రిజిస్టర్ల కూడ రాసింది. రెండుసార్లు ఎవ్వరు రాస్తరని ఇడిసిపెట్టింది.

ఇగ నిరోష ముచ్చటకొస్త. గుర్వమ్మ అని మా వాడకట్టుల గొర్లోళ్ళ ఇంటి ముసలామె. ఆమె కొడుకు రాజేశ్, కోడలు నిరోష. ఆ పిల్ల తల్లిగారిది నందికొండ దిక్కు ఒక ఊరు. మొదటి కడుపు మూడో నెలల పోయింది. అందుకని రెండోసారి నిలిస్తే గుర్వమ్మ భయపడి ఎవ్వరికి చెప్పనియ్యలె. దిష్టి తగులుతదని కోడల్ని ఇంట్లనే దాచింది. ఐదో నెల పడ్డంక, జనవరిల, ఇగ దాస్తే దాగదు గదా, నాగరాణిని పిలిచింది.

నేను గుర్వమ్మ వాకిట్ల మంచం మీద కూసొని చాయ తాగుతున్న. లోపట నాగరాణి గొంతు వాడంత వినబడుతాంది. "ఐదు నెలలు దాస్తవా అత్తా? నేనేమన్న దొంగనా? నాకు చెప్తే కడుపు ఎత్తుకపోతనా?" గుర్వమ్మ ఏమో గొణుక్కుంటాంది. తర్వాత నిరోషను అడిగింది, నెలసరి ఎప్పుడొచ్చిందే అని. ఆ పిల్ల సిగ్గుపడి మెల్లగ, "ముత్యాలమ్మ పండుగైన మూడోనాడు, అక్కా" అన్నది.

నాగరాణి ఇంకోమాట అడుగలె. అడిగే పనేమున్నది? పండుగ ఎప్పుడైందో ఊరందరికి ఎరుకే. ఆ ఏడు శ్రావణాలు రెండొచ్చినయ్, ముందుగాల అధిక శ్రావణం, తర్వాత నిజ శ్రావణం. అధికంల పండుగ చెయ్యరు. నిజం దాక ఆగుడెందుకని మా ఊరోళ్ళు ఆషాఢం పోకముందే, జూలై పదహారు ఆదివారం నాడు, బోనాలెత్తిండ్రు. మూడోనాడంటే పంతొమ్మిది. ఫోన్ల జూలై పంతొమ్మిది అని పెట్టింది. ఫోన్ వెంటనే కాన్పు ఏప్రిల్ ఇరువై నాలుగు అని చెప్పింది. ఐదో నెలల తీసే పెద్ద స్కాన్ ఉంటది గదా, దానికి టైం దాటిందని కూడ చెప్పింది. "చూసినవా అత్తా, దాచి దాచి స్కాన్ కూడ పోగొడ్తివి" అని నాగరాణి ఇంకో విడత దులిపింది.

నెల రెండు నెలలు బాగనే నడిచింది. మార్చిల ఒకసారి దవాఖానకు తీసుకపోతే, డాక్టరమ్మ స్కాన్ చేసి కాయిదం అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "బిడ్డ చిన్నగున్నదమ్మా. ఉండాల్సినదానికంటే నాలుగైదు వారాలు వెనుకున్నది. తేదీ కరెక్టేనా?" అని అడిగింది.

"నా తేదీ తప్పు పోదు మేడం" అన్నది నాగరాణి. ఫోన్ తీసి చూపిచ్చింది. డాక్టరమ్మ ఇగేం అంటది? బిడ్డ పెరుగుతలేదు, మంచిగ తినాలె అని రాసింది. ఫోన్ల నిరోష పేరు పక్కన పసుపు పడ్డది.

గప్పటి సంది గుర్వమ్మకు మొదలైంది తిప్పలు. నాగరాణి రోజు పొద్దున వాళ్ళింటికి పోయుడు, వాకిట్ల నిలబడి, "ఏం పెట్టినవ్ కోడలికి? గుడ్డు పెట్టినవా? పాలు పోసినవా? గొర్లకు మేత వేసినంత సోయి కూడ కోడలి మీద లేదా?" అని అడుగుడు. గోడవతల ఉన్నోళ్ళందరు వినుడు. నీళ్ళ ట్యాంకు కాడ ఆడోళ్ళు గుర్వమ్మను చూసి గుసగుసలు పెట్టుడు. ముసలామె పాపం, "ఒట్టు బిడ్డా, నేను తినకున్న దానికి పెడ్తున్న" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకునేది. నాగరాణి నమ్మకపోయేది. సంచిలకెళ్ళి ఉడుకబెట్టిన గుడ్డు తీసి, నిరోష తినేదాక ముంగట నిలబడేది.

నాకు అప్పుడే డౌటొచ్చింది. ఆ పిల్ల బుగ్గలు చూస్తే నున్నగున్నయ్. రక్తం పరీక్ష చేస్తే మంచిగనే ఉన్నది. నడుస్తాంది, నవ్వుతాంది, రెండు బిందెల నీళ్ళు తెస్తాంది. మరి బిడ్డ ఎందుకు పెరుగది? నాగరాణిని అడిగిన. "అదే నాకు సమజ్ అయితలేదయ్యా" అన్నది. అట్ల అన్నది ఆమె నోట్లకెళ్ళి నేను మొదటిసారి విన్న.

అటు రాజేశ్ గొర్లతోని కాలువ దిక్కుకు వలస పోయి ఉన్నడు. ఇంటికంతటికి ఫోన్ ఒకటే, అది వాని దగ్గరుంటది. ఆ నంబరే ఎక్కిచ్చిండ్రు. గొర్ల మంద నడుమ నిలబడి వాడు ఆ ఆడామె గొంతు వినేటోడంట. "మీకు ఇప్పుడు ముప్పై ఎనిమిదో వారం. బిడ్డ కదలికలు గమనించండి" అంటే, పక్కన గొర్లోళ్ళు "ఏందిరో, నీకెన్నో నెల?" అని పట్టుకొని ఏడిపిచ్చిండ్రంట. ఏప్రిల్ ఇరువై నాలుగు దాటంగనే అదే గొంతు, మీ కాన్పు తేదీ దాటింది, వెంటనే దవాఖానకు పోండి అన్నది. వాడు మందను దోస్తుకు అప్పజెప్పి దొరికిన లారీ ఎక్కి ఉరికొచ్చిండు.

నాగరాణి ఫోన్ల ఎర్రగైంది. నర్సమ్మ ఫోన్ చేసింది, పైనుంచి ఎవరో సారు ఫోన్ చేసిండు. ఇరువై ఆరు నాడు పొద్దుగాల నిరోషను, గుర్వమ్మను, రాజేశ్ ను ఆటోల ఎక్కిచ్చుకొని దవాఖానకు పోయినం. నిరోష తల్లి మారెమ్మకు ఖబర్ చేస్తే ఆమె బస్సెక్కి సీద ఆడికే వచ్చింది.

డాక్టరమ్మ స్కాన్ చేసి బయటికొచ్చింది. "నెలలు నిండినయ్, బిడ్డ రెండుంబావు కిలోనే ఉన్నది. లోపట పెరుగుతలేదు. ఆగితే ప్రమాదం. ఇయ్యాల్నే ఆపరేషన్ చేసి తీస్తం" అన్నది. సంతకం పెట్టుమంటే రాజేశ్ పెట్టిండు. నొప్పులు లేవు, ఏం లేవు, నిరోష బల్ల మీద కూసొని బిక్కమొగమేసుకొని అందరి దిక్కు చూస్తాంది. "అక్కా, బిడ్డ లోపట మస్తు తంతున్నడు గద. ఎందుకు బాగలేదంటున్నరు?" అని నాగరాణిని అడిగింది.

నాగరాణి ఆ పిల్ల కడుపు మీద చెయ్యిపెట్టి పైనా కిందా ఒత్తి చూసింది. తర్వాత నన్ను వరండాల పక్కకు గుంజి, "ఏమయ్యో, ఈ కడుపు ఇంక కిందికే దిగలె. నా చెయ్యి ఒకటి చెప్తాంది, ఫోన్ ఒకటి చెప్తాంది" అన్నది.

"ఫోన్ల పెట్టింది నువ్వే గదనే" అన్న.

"అదే గదా! నేను పెట్టిందే గదా! మరి ఎవ్వలిని నమ్మాలె?" అని నా మీదనే ఎగిరింది. నాకేం తెలుసు? నేను ఆటోవాన్ని. నెత్తి గోక్కొని నిలబడ్డ.

గంతల వరండాల మారెమ్మకు, గుర్వమ్మకు లడాయి మొదలైంది. మారెమ్మ కూతుర్ని చూసి కడుపు మండి, వియ్యపురాలి మీద పడ్డది. "నా బిడ్డను తిండి పెట్టక సంపుతున్నవ్! పోయినేడు పండుగకు నా ఇంటికొచ్చినప్పుడు ఎట్లుండే నా బిడ్డ! బోనం నెత్తిన పెట్టుకొని గుడి దాక నడిచింది. పండుగైన మూడోనాడు నెలసరొచ్చి కడుపునొప్పంటే నేను పక్కన కూసొని కాపడం పెట్టిన. అట్ల సాదుకున్న బిడ్డను నీ చేతుల పెడ్తే..."

నాగరాణి పోతున్నదల్ల ఆగింది. "వదినా, ఏ పండుగకు?" అని అడిగింది.

"ముత్యాలమ్మకు."

"ఏ ఊరి ముత్యాలమ్మకు?"

"మా ఊరిదే. ఆడబిడ్డలను పిలుచుకుంటం గదా" అన్నది మారెమ్మ, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"మీ ఊర్ల పండుగ ఎప్పుడైంది?"

"అధికం పోయినంక. నిజ శ్రావణం పడ్డ మొదటి ఆదివారం."

నాగరాణి గోడకు ఆనుకొని కిందనే కూలబడ్డది. వేళ్ళ గనుపుల మీద లెక్కబెడుతాంది. ఒకసారి లెక్కబెట్టింది, మల్ల మొదటినుంచి లెక్కబెట్టింది. మా ఊరి పండుగ జూలై పదహారు. వాళ్ళ ఊరి పండుగ ఆగస్టు ఇరువై. నడుమ ఐదు వారాలు. నిరోష ఆ పండుగకు తల్లిగారింటికి పోయింది గనుక, ఆ ఊరి పండుగను మనసుల పెట్టుకొని చెప్పింది. నాగరాణి ఈ ఊర్ల ఉండి, ఈ ఊరి పండుగను మనసుల పెట్టుకొని ఫోన్ల ఎక్కిచ్చింది. రిజిస్టర్ల మాట రాసి ఉంటే మార్చిల డాక్టరమ్మ అడిగిననాడే అనుమానమొచ్చేది. ఫోన్ల అంకెలు తప్ప ఏమున్నయ్?

బిడ్డ పెరుగకపోవుడు కాదు. బిడ్డకు ఇంక నెల దాటి టైం ఉన్నది. అంతే ముచ్చట.

లోపట నర్సు నిరోషకు బట్టలు మారుస్తాంది. నాగరాణి లేసింది. ఇప్పుడు చెప్పేది నాకు సిగ్గనిపిస్తది, అయిన చెప్తున్న. నేను ఆమె రెట్ట పట్టుకున్న. "ఆగు. నీ నౌకరి పోతది. మార్చిల్నే ఆమె అడిగితే పక్కా అంటివి. ఇప్పుడు తప్పంటే ఊకుంటరా? పెద్ద డాక్టర్ ఉన్నది గద, ఆమె చూసుకుంటది తియ్" అన్న.

నాగరాణి నా దిక్కు చూసిన చూపు ఉన్నది చూడుండ్రి, థూ అని ఉమ్మినట్టే ఉన్నది. చెయ్యి ఇదిలిచ్చుకొని సీద లోపటికి పోయింది. నేను వెనుకనే పోయిన.

"మేడం, ఆపుండ్రి. తేదీ తప్పు. నేనే తప్పు పెట్టిన" అన్నది అందరి ముంగట.

డాక్టరమ్మకు కోపమొచ్చింది, రాదా మరి. "మార్చిల అడిగితే కరెక్టంటివి. ఇప్పుడు తప్పంటున్నవ్. ఏ తేదీ నమ్మాలె నేను? రేపు ఇంకోటి చెప్తవా?" అని గట్టిగ అరిచింది. ఊరందరి నోర్లు మూపిచ్చే మనిషి, చేతులు కట్టుకొని నిలబడి కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నది. మారెమ్మను పిలిచి, పండుగ, మూడోనాడు, కాపడం, అంత మల్ల చెప్పిచ్చింది. డాక్టరమ్మ క్యాలెండర్ తీసింది, స్కాన్ కాయిదాలు రెండు పక్కపక్కన పెట్టింది. ఆఖరికి, "ఈ తేదీ ప్రకారమైతే ముప్పై ఐదో వారం. బరువు సరిపోతున్నది, మార్చిది కూడ సరిపోతున్నది" అని కుర్చీల వెనుకకు ఒరిగింది. ఆపరేషన్ ఆపి, రెండు రోజులు పెట్టుకొని చూసింది. బిడ్డ గుండె మంచిగ కొట్టుకుంటాంది, ఉమ్మనీరు మంచిగున్నది. ఇంటికి పొమ్మన్నది.

రాజేశ్ కు ఒక్క ముక్క సమజ్ కాలె. "భిక్షమన్నా, దాటిందని ఫోన్ చెప్పె. దాటలేదని డాక్టరమ్మ చెప్పె. ఇగ నేను మందకాడికి పోవాల్నా, ఉండాల్నా?" అని ఆటోల తొవ్వంత అడుగుడే అడుగుడు. నేనేం చెప్తరా నాయనా అని బండి నడిపిన.

ఫోన్ల తేదీ మారుద్దామంటే మారలె. ఒకసారి పెడ్తే ఇగ అంతేనంట, పైకి అర్జీ పెట్టుకోవాల్నంట. పెట్టింది. మే నెలంత ఎర్రగనే ఉన్నది. నలభై రెండో వారం అన్నది, నలభై మూడన్నది. పైనుంచి సారు ఫోన్ చేసుడు, "ఇంక కాన్పు ఎందుకు కాలె? ఏం చేస్తున్నవ్?" అనుడు. నాగరాణి చెప్పుడు, ఆయన మర్నాడు మల్ల ఫోన్ చేసుడు. మే ఇరువై ఏడు నాడు నిరోషకు నొప్పులొచ్చినయ్. మామూలు కాన్పే, ఆడపిల్ల, మూడు కిలోలకు జర తక్కువ. పుట్టంగనే దవాఖాన కప్పు ఎగిరిపోయేటట్టు ఏడ్చింది.

నాగరాణికి మెమో ఇచ్చిండ్రు, నౌకరి పోలె. బాలింత ఇంటికొచ్చిన తెల్లారి గుర్వమ్మ వాకిట్లకు పోయి, వాడకట్టు ఆడోళ్ళందరు వినేటట్టు, "అత్తా, నువ్వు మంచిగనే పెట్టినవ్. నీ తప్పు లేదు, తప్పు నాది" అన్నది. గుర్వమ్మ లోపటికి పోయి ఉడుకబెట్టిన గుడ్లు రెండు తెచ్చి నాగరాణి చేతుల పెట్టి, "తిను. నేను చూస్త" అని నడుము మీద చేతులేసుకొని నిలబడ్డది. నాగరాణి ఏడ్చుకుంట రెండు తిన్నది. ఆడోళ్ళందరు ఒకటే నవ్వుడు.

గక్కడికి అయిపోతదనుకున్న. కాలె. నాగరాణికి తిండి పోతలేదు, నిద్ర వస్తలేదు. పొద్దంత ఫోన్ పట్టుకొని పాత పేర్లు ఒక్కొక్కటి తీసి చూసుడు. "నిరోషది తప్పు పోయింది. ఇంకెవ్వరివి పోయినయో? ఎంతమంది నాకు పండుగల మీద చెప్పిండ్రో? ఏ ఊరి పండుగ అని నేను ఒక్కసారన్న అడిగిన్నా?" అనేది. ఇగ ఊకోలేక ఇల్లిల్లు తిరుగుడు పెట్టింది. అప్పుడు నువ్వు చెప్పిన పండుగ ఏ ఊరిదే అని అడుగుడు. శానమందికి గుర్తే లేదు. కొందరు నవ్విండ్రు. ఒకరిద్దరివి నాలుగొద్దులు అటిటైనయ్, దానితోని ఏం కాలె.

ఆఖరికి స్నేహలత ఇల్లు మిగిలింది. మా చిన్నాయిన కొడుకు సురేశ్ పెండ్లాం. అంతకు ముందటేడు, మొదటి కాన్పుకు, ఫోన్ల తేదీ దాటింది. బిడ్డ చిన్నగున్నదని, పెరుగుతలేదని ఆపరేషన్ చేసిండ్రు. మగపిల్లగాడు. కిలోన్నర దాటి ఉన్నడు, ఊపిరి మంచిగ తీసుకోలేకపోయిండు. అద్దాల పెట్టెల తొమ్మిది రోజులుండి పోయిండు. బలహీనంగ పుట్టిండన్నరు, మేమందరం అట్లనే అనుకున్నం. నాగరాణి ఫోన్ల ఆ పిల్ల పేరు మీద తేదీ, మా ఊరి పండుగైన ఎనిమిదోనాడు.

స్నేహలత వాళ్ళు ఊరి అవుతల పొలం కాడ ఉంటరు. ఆటోల తీసుకపోయిన. ఆ పిల్ల మల్ల ఐదో నెలల ఉన్నది. అరుగు మీద కూసొని చిక్కుడుకాయలు ఒలుస్తాంది. నాగరాణి పక్కన కూసొని ఒక చిక్కుడుకాయ చేతులకు తీసుకున్నది, పెట్టింది, మల్ల తీసుకున్నది. మా నాగరాణి, నోట్ల మాట ఆగని నాగరాణి.

"స్నేహా, మొదటిసారి నువ్వు నాకు పండుగైన ఎనిమిదోనాడు అని చెప్పినవ్ గదా. అది ఏ ఊరి పండుగే?" అని అడిగింది.

నిరోష ముచ్చట అప్పటికే ఊరంత తెలుసు. ఎందుకు అడుగుతుందో ఆ పిల్లకు తెల్వకుంటదా? చేతుల ఉన్న కాయ ఒలుచుడు ఆపింది. నాగరాణి మొఖం దిక్కు చూసింది, చాలసేపు చూసింది. తర్వాత తలకాయ వంచుకొని, "ఈ ఊరిదే అక్కా" అన్నది. "చాయ పెడ్త ఉండు" అని లోపటికి పోయింది.

తిరిగొచ్చేటప్పుడు నాగరాణి వెనుక సీట్ల కూసొని కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది. భారం దిగిన ఏడుపు. "నా చేతుల మీద పోలె. ఆ పిల్లగాడు నా చేతుల మీద పోలె" అని అదే మాట. నేను రోడ్డు దిక్కే చూసుకుంట నడుపుతున్న.

ఎందుకంటే, శ్రావణాలు రెండొచ్చిన ఏడుకు ముందటేడు ఎండకాలంల సురేశ్ లగ్గమైంది. కొత్త కోడలు ఆషాఢంల అత్తగారింట్ల ఉండొద్దని, ఆషాఢం పడకముందే స్నేహలతను తల్లిగారింటికి తోలిచ్చిండ్రు. నా ఆటోలనే దింపొచ్చిన. ఆ ఏడు కూడ మా ఊర్ల ఆషాఢంల్నే పండుగైంది. ఆ పిల్ల శ్రావణంల వాళ్ళ ఊరి పండుగ కూడ చేసుకున్నంక వచ్చింది, తీసుకొచ్చింది నేనే. ఆ ఏడు మా ఊరి పండుగ ఆ పిల్ల కండ్లతోని చూడనే లేదు.

ఆ పిల్ల ఎందుకట్ల చెప్పింది? నాగరాణి మీద జాలిపడ్డదా? రేపు తన కాన్పుకు మల్ల ఈమె చేతులే పట్టుకోవాలె గదా అని భయపడ్డదా? మల్ల నాగరాణికి మాత్రం ఎరుక లేదా, కొత్త కోడలు ఆషాఢంల ఏడుంటదో? మరిచిపోయిందా, మరిచిపోవాలనుకున్నదా? ఎంత ఆలోచన జేసినా నాకు తెగుతలేదు.

మా ఇంటి ముంగట ఆటో ఆపిన. నాగరాణి దిగలె. ముఖం తుడుచుకొని, "ఏమయ్యో, స్నేహలత నిజమే చెప్పింది గద?" అని అడిగింది.

"నిజమే చెప్పింది" అన్న.